యుద్ధం సరే, సవర ఎంత?

మా అమ్మకి 74 ఏళ్లు. పొద్దన కాఫీ తాగేటప్పుడు ఒకసారి, రాత్రి రెండు ముద్దలు తిన్నాక ఒకసారి టీవీలో వార్తలు చూడకపోతే ఆమెకి పొద్దు గడవదు. ఇజ్రాయెల్ యాడుండాదో ఇరాన్ యాడుండాదో ఆమెకి తెలీదు, తెలుసుకోవాల్సిన పని కూడా ఇంతవరకు పడలేదు, ఎందుకంటే ఏ దేశం మీద ఏ దేశం బాంబులేసినా అంతా ఓపిగ్గా చూసి, చివర్లో నా వైపు తిరిగి ఒకటే మాట అడుగుతాది. "ఏమ్మే, అది సరే, సవర ఎంత?" సవరంటే మా పక్క ఎనిమిది గ్రాముల బంగారం.

మొదట్లో నాకు నవ్వొచ్చేది, తర్వాత కోపమొచ్చేది, ఇప్పుడు గౌరవమొస్తాంది. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల బంగారం లక్ష దాటినప్పుడు టీవీలో సూటేసుకున్న ఒకాయన అరగంట గ్రాఫులు చూపించి చెప్పిన సంగతిని మా అమ్మ వక్కాకు నవులుతా ఒక్క ముక్కలో చెప్పేసింది. "పెద్దోళ్లు కొట్లాడుకుంటే డబ్బుండేవాళ్లకి భయం, భయమొస్తే బంగారం కొంటారు, మన పాపకి గాజులు తగ్గిపోతాయి." మనవరాలి పెళ్లికి నాలుగు గాజులు అనుకునింది ఆమె. ట్రంప్ వచ్చినాక రెండైనాయి. దీపావళి లోపల అవి గాజులుగా ఉంటాయో కమ్మలైపోతాయో చూడాల.

నేనేమన్నా తక్కువ తిన్నానా అంటే అదీ లేదు. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదికి పోయిందని ఫోన్లో చూసినప్పుడు నేను చేసిన మొదటి పని ఏందంటే, ఎవరికీ చెప్పకూడదు గానీ చెప్తాండా, తిరుపతిలో మా బైరాగిపట్టెడలో వీధి చివరుండే అంగడికి పోయి పొద్దుతిరుగుడు నూనె ఐదు ప్యాకెట్లు తెచ్చి మంచం కింద పెట్టినా. అప్పట్లో మనకొచ్చే ఆ నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్ నుంచే వచ్చేదని నాకు ఎట్లా తెలుసంటే, మా ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఆ ఊర్లల్లో మెడిసిన్ చదివే మన పిల్లోళ్లు మెట్రో స్టేషన్లల్లో పడుకున్నారని, వాళ్లని విమానాల్లో తెస్తాండారని కూడా అదే గ్రూపులో వచ్చింది, దానికి దండం బొమ్మ పెట్టినా, నూనెకి మాత్రం స్వయంగా నడుచుకుంటా పోయినా. అది చాలదన్నట్టు ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా వాళ్లు పామాయిల్ బయటికి పంపమన్నారు, మూడు వారాలే ఆ నిషేధం, కానీ జకార్తాలో ఎవరో సంతకం పెడితే మా వీధి బండి మీద మిరపకాయ బజ్జీ సైజు తగ్గింది. ఇండోనేషియా మళ్లీ పంపడం మొదలుపెట్టినా బజ్జీ మాత్రం పాత సైజుకి రాలేదు. దీన్ని ఏ ఆర్థికవేత్తన్నా వివరిస్తే బాగుండు.

సరే, అసలు చెప్పాలనుకునింది మామిడికాయల సంగతి.

మా పుట్టింటోళ్లది బంగారుపాళ్యం పక్కన. మా అన్నకి నాలుగెకరాలు తోతాపురి. చిత్తూరు జిల్లా తెలియనోళ్లకి చెప్తాండా, ఇది కోసుకుని తినే బంగినపల్లి లాంటిది కాదు, ముక్కు వంకరగా ఉంటాది, తింటే ఫర్వాలేదు అంతే, దాని బతుకంతా గుజ్జులోనే. ఫ్యాక్టరీ కొంటాది, గుజ్జు తీస్తాది, డ్రమ్ముల్లో పెట్టి ఓడెక్కిస్తాది, యాడో ఎవరో చల్లగా తాగతారు. మీరు రైల్లో కొనుక్కుని తాగే మామిడి జ్యూసులో కూడా మా ఊరోళ్ల చెట్టు ఉండొచ్చు.

2025 జూన్ నెలలో కాయ కోతకొచ్చింది, దిగుబడి బాగుంది. దిగుబడి బాగున్నప్పుడే రైతుకి గుండె జారేది మన దేశంలోనే అనుకుంటా. కాయలు కొనే ర్యాంపు దగ్గరికి పోతే కిలో నాలుగు రూపాయలు అన్నారు, మరసటి రోజు మూడున్నర అన్నారు, కోత కూలికి, ట్రాక్టర్ బాడుగకి లెక్కేస్తే కాయ చెట్టుమీదనే ఉంచేస్తే లాభం. ఫ్యాక్టరీల దగ్గర ట్రాక్టర్లు కిలోమీటర్ల పొడుగునా నిలబడినాయి, టోకెన్లు, మళ్లీ టోకెన్లు. మా అన్న రెండు రాత్రులు ట్రాక్టర్ మీదనే పడుకున్నాడు. పైన ఎండకి కాయ పండిపోతాంది, కింద వాన చినుకులకి కుళ్లిపోతాంది, లోపలికి పోయేసరికి సగం కాయ పనికిరాదని పక్కకి తోసినారంట. ఏ ఫ్యాక్టరీనో చెప్పను, అన్న వచ్చే ఏడాది కూడా అక్కడికే పోవాల.

ప్రభుత్వం కిలో 12 రూపాయలు గిట్టేటట్టు చేస్తామనింది. ఫ్యాక్టరీ 8 ఇవ్వాల, ప్రభుత్వం 4 ఇస్తాది. విన్నోళ్లందరూ చప్పట్లు కొట్టినారు, మా అన్న మాత్రం "పాపా, 8 ఇమ్మని ప్రభుత్వం చెప్తాంది, 8 ఇస్తామని ఫ్యాక్టరీ చెప్తాంది, చెప్పడంలో ఇద్దరికీ తేడా లేదు" అన్నాడు. జూలైలో మాజీ ముఖ్యమంత్రి జగన్ మా బంగారుపాళ్యం మార్కెట్ యార్డుకే వచ్చినాడు, ఊరంతా పోలీసులు, రోడ్డుమీద పారబోసిన కాయలు, ఆ కాయలు ఎవరు పారబోసినారని రెండు పార్టీల ఛానెళ్లల్లో వారం రోజులు డిబేట్. రైతు కాయ అమ్ముకున్నాడా లేదా అనేదానికి డిబేట్ లేదు. మా అమ్మ ఆ వారం సవర ధర అడగడం మానేసి, టీవీలో మన ఊరు కనపడతాదేమోనని కూర్చునింది. కనపడింది గూడా, మా వీధి మలుపు రెండు సెకన్లు.

ఇప్పుడు రేటు ఎందుకు పడిందో చూడండి, దీంట్లోనే ఉండాది ప్రపంచమంతా. అంతకుముందు ఏడాది గుజ్జే అమ్ముడుపోకుండా ఫ్యాక్టరీ గోడౌన్లల్లో డ్రమ్ముల నిండా ఉన్నిందంట. ఎందుకు అమ్ముడుపోలేదంటే ఎగుమతి మందం. ఎందుకు మందమంటే, 2023 నవంబర్ నుంచి ఎర్రసముద్రంలో హూతీలనే తుపాకుల గుంపు ఓడల్ని కొట్టడం మొదలుపెట్టింది, యూరప్ పొయ్యే ఓడలు సూయజ్ కాలువ వదిలేసి ఆఫ్రికా కింద గుడ్‌హోప్ అగ్రం చుట్టుకుని పోయినాయి, పది పద్నాలుగు రోజులు అదనం, బాడుగ అదనం, ఇన్సూరెన్సు అదనం. నాకు అన్నిటికన్నా వింతగా అనిపించింది ఏందంటే మన మామిడి గుజ్జు బాగా కొనే దేశాల్లో సౌదీ, నెదర్లాండ్స్, కువైట్‌తో పాటు యెమెన్ కూడా ఉండాది! ఆ హూతీలు ఉండేది యెమెన్‌లోనే. అంటే ఓడని కొట్టిన పిల్లోడు సాయంత్రం ఇంటికి పోయి తాగే జ్యూసులో మా బంగారుపాళ్యం కాయ ఉన్నా ఉండొచ్చు. ఇది మా అన్నకి చెప్తే రవ్వంతసేపు ఆలోచించి "అయితే వానికి చెప్పేవాళ్లు ఎవురూ లేరా" అన్నాడు.

సరిగ్గా మా కోతల మధ్యలో జూన్ 13న ఇజ్రాయెల్ ఇరాన్ మీద పడింది, 22న అమెరికా పోయి ఫోర్దో అనే ఇరాన్ అణు కేంద్రం మీద బాంబులేసింది, 24కి ఆగిపోయింది, మొత్తం 12 రోజులు. పన్నెండు రోజులూ ర్యాంపు దగ్గర టీ కొట్లో నడిచిన చర్చ వినాల మీరు. ఇరాన్ పక్కన చమురు ఓడలు పొయ్యే ఇరుకు దారి, హార్ముజ్ జలసంధి అనే మాట పలకడం మా ఊర్లో ఎనిమిదో తరగతి తప్పినోళ్లకి కూడా వచ్చేసింది. అది మూసేస్తే డీజిల్ పెరుగుతాదని ఒకాయన, మూయలేరు వాళ్ల నూనె కూడా దాంట్లోనే పోవాల కదా అని ఇంకొకాయన, ఇద్దరూ చొక్కాలు పట్టుకునేదాకా పోయినారు. వాళ్ల ఎనకాల మూడు రోజులుగా కదలని ట్రాక్టర్లు. టోకెన్లు ఇచ్చే గుమాస్తాని మాత్రం ఎవురూ గట్టిగా ఒక మాట అనలేదు, "సార్ సార్" అనుకుంటా ఆయనకి టీ పంపించినారు. నేనూ అక్కడే ఉండా, నేనూ అడగలేదు, ఇరాన్ గురించే మాట్లాడినా.

సుంకాల సంగతి ఇంకా తమాషా. 2025 ఏప్రిల్ 2న ట్రంప్ పెద్ద అట్ట పట్టుకుని దేశాల పేర్లు చదివినాడు గదా, ఆ రోజు జాబితాలో మనుషులే లేని హర్డ్, మెక్‌డొనాల్డ్ దీవులకి కూడా పది శాతం వేసినారు. అక్కడుండేది పెంగ్విన్లు. మా అన్న చాలా సీరియస్‌గా అడిగినాడు, "పెంగ్విన్లకి ఎవురన్నా టోకెన్లు ఇస్తాండారా పాపా?" మనకి ఆ ఆగస్టు 7న 25 శాతం, రష్యా ముడి చమురు కొంటాండామని 27 నుంచి ఇంకో 25, వెరసి 50 శాతం వేసినారు. ఎంత అన్యాయమని మా గ్రూపులో అందరం ఒక్కటైనాం, అమెరికా సరుకు కొనకూడదని ఐఫోన్లలో టైపు చేసినాం.

కానీ జూన్‌లోనే మనం చేసిన పని ఎవరికీ గుర్తు రాలేదు. మన కాయకే ధర లేదని, కర్ణాటక తోతాపురి మా చిత్తూరు జిల్లాలోకి రాకూడదని ఉత్తర్వు ఇచ్చినారు, చెక్‌పోస్టుల్లో లారీలు ఆపినారు. కోలారు, శ్రీనివాసపురం రైతులు అక్కడ లబోదిబోమన్నారు, సిద్దరామయ్య మన చంద్రబాబుకి లెటర్ రాసినాడు. శ్రీనివాసపురం రైతు కూడా కాయ తెచ్చేది మా పక్క ఫ్యాక్టరీలకే. వాళ్లకీ మాకూ చుట్టరికాలు ఉండాయి, మా వదిన పుట్టిల్లు ఆ పక్కే. ఆ నెల వదిన ఏమీ మాట్లాడలేదు, సంగటి మాత్రం రవ్వంత గట్టిగా కెలికేది.

జుట్టు గురించి ఒక మాట మధ్యలో చెప్పేస్తా, మళ్లీ మర్చిపోతా. తిరుపతిలో పుట్టి పెరిగినోళ్లకి కూడా చానామందికి తెలీదు, 2004 మేలో మన కొండమీద గుండ్ల వల్ల న్యూయార్క్‌లో మంటలు లేచినాయి. కల్యాణకట్టలో తీసిన జుట్టు వేలానికి పోతాది, అక్కడినుంచి విగ్గులై దేశాలు తిరుగుతాది, నిష్ఠగా ఉండే యూదుల ఇళ్లల్లో పెళ్లైన ఆడవాళ్లు తల కప్పుకోవడానికి విగ్గు పెట్టుకుంటారు. ఆ జుట్టు దేవుడికి ఇచ్చిన జుట్టు కాబట్టి యూదులు వాడకూడదని వాళ్ల పెద్ద మతగురువు, రబ్బీ ఒకాయన తీర్పు చెప్పినాడు, బ్రూక్లిన్ వీధుల్లో ఆడోళ్లు విగ్గులు కుప్పపోసి కాల్చేసినారు. వేలల్లో డాలర్లు పెట్టి కొన్నవంట. మా అమ్మకి ఈ సంగతి చెప్పి, "నువ్వు మొక్కు తీర్చుకున్న జుట్టు యాడ కాలిందో చూడు" అంటే, ఆమె "సవరం కాల్చినారా, పాపం, ఎంత పెట్టి కొన్నారో" అనింది. సవర అయినా సవరం అయినా ఆమెకి ముందు ధరే.

ఇంక మా పిన్నమ్మ కొడుకు పెళ్లి. వాడు డల్లాస్‌లో ఉండాడు, హెచ్-1బి వీసా మీద పనిచేస్తాండాడు, మంచి పిల్లోడే. చిత్తూరు నుంచి సంబంధం వచ్చింది, అమ్మాయి ఎంటెక్, వాళ్ల నాయన "మేమేమీ తక్కువ చేయం" అన్నాడు, మా పిన్నమ్మ "మేమేమీ అడగడం లేదు, మీ ఇష్టం" అనింది, అంటే ఎంతో ఇద్దరికీ తెలుసు. 2025 సెప్టెంబర్ 20, శనివారం పొద్దన లేచి చూస్తే ట్రంప్ హెచ్-1బికి లక్ష డాలర్లు ఫీజు అని సంతకం పెట్టేసినాడు, మన లెక్కలో 88 లక్షలు, ఆదివారం నుంచే అమలు. ఇండియాకి బయల్దేరి విమానం ఎక్కి కూర్చున్నోళ్లు మళ్లీ దిగిపోయినారంట. మా పిన్నమ్మ ఫోన్ చేసి ఏడుస్తాంది. తర్వాత రోజుకి తెలిసింది, అది కొత్తగా అప్లై చేసేవాళ్లకే, ఉన్నోళ్లకి కాదు అని. కానీ ఆ ఒక్క రోజులో ఆడపిల్లోళ్లు "పెద్దల పక్షాలు కదండీ, ఇప్పుడు మాటలు ఎందుకు, దసరా పోనీ చూద్దాం" అనేసినారు. దసరా పోయింది, దీపావళి వస్తాంది, వాళ్ల ఫోన్ రాలేదు. ఈ మధ్య మా పిన్నమ్మకి కట్నం తీసుకోవడం తప్పని కూడా అనిపిస్తాందంట.

ఆ లక్ష డాలర్ల మీద మా ఇంట్లో వచ్చిన వ్యాఖ్య మా ఆయనది. "మన పిల్లోన్ని వాళ్ల ఇంట్లో పెట్టుకోవడానికి 88 లక్షలు అడుగుతాండాడు, ఇది కట్నం కాకపోతే ఏంది?" అన్నాడు. మన దగ్గర 1961 నుంచి కట్నం మీద చట్టం ఉండాది, అడిగితే జైలు, కాబట్టి ఎవురూ అడగరు, "మీ ఇష్టం" అంటారు. ట్రంప్‌కి ఈ మర్యాద తెలీదు, నోరు తెరిచి అంకె చెప్పేసినాడు. హెచ్-1బిల్లో నూటికి డెబ్బై మన దేశానివే, ఆ లెక్కన అమెరికాకి మనకంటే పెద్ద అల్లుళ్ల మార్కెట్ లేదు.

ఇంతసేపు అందర్నీ ఆడిపోసుకున్నా గదా, ఇప్పుడు నా వంతు.

మా అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ నేపాల్ పిల్లోడు, ఇరవై నాలుగు ఇరవై అయిదు ఉంటాయి. అందరం బహదూర్ అని పిలుస్తాం, అది వాని పేరు కాదు, వాని ముందున్నోన్నీ అట్లానే పిలిచినాం. 2025 సెప్టెంబర్ 4న నేపాల్ ప్రభుత్వం ఫేస్‌బుక్, వాట్సాప్, యూట్యూబ్ అన్నీ కలిపి 26 యాప్‌లు ఆపేసింది. రిజిస్టర్ చేసుకున్న టిక్‌టాక్, వైబర్ లాంటివి మాత్రం అక్కడ నడిచినాయి. టిక్‌టాక్‌ని మనం 2020లోనే తీసేసినాం. అంటే వాళ్ల ఊర్లో పనిచేసే టిక్‌టాక్ మా ఊర్లో లేదు, మా ఊర్లో పనిచేసే వాట్సాప్ వాళ్ల ఊర్లో లేదు. మూడు రోజులు ఆ పిల్లోడు మెట్లమీద కూర్చుని ఫోన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తాంటే నెట్ ప్యాక్ అయిపోయిందేమో అనుకున్నా. 7వ తేదీ ఆదివారం, చంద్రగ్రహణం, కొండమీద గుడి మధ్యాహ్నమే తలుపులు మూసేసినారు, మేమందరం తొందరగా వంటలు ముగించుకునే హడావిడిలో ఉండాం. మా అబ్బాయి కిందికి పోయి వాని ఫోన్లో రెండు పక్కలా పనిచేసే వైబర్ ఎక్కించి వచ్చినాడు. నేను చెప్పలేదు, నాకు తెలియనే తెలీదు.

8న ఖాట్మండులో పిల్లకాయలు రోడ్డెక్కినారు, కాల్పులు జరిగినాయి, దేశం మొత్తం మీద ఒక్కరోజే 19 మంది పోయినారు. 9న ప్రధాని ఓలి దిగిపోయినాడు, పార్లమెంటే కాలింది, ఎయిర్‌పోర్టు మూసేసినారు. నేను టీవీ ముందు నిలబడి, గరిటె చేతిలోనే ఉండాది, నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన ఏందో చెప్తే మీరు నన్ను మనిషి అనరు. మా అత్తగారు వాళ్ల భజన బృందంతో అక్టోబర్‌లో పశుపతినాథ్, ముక్తినాథ్ టూర్‌కి 15 వేలు అడ్వాన్స్ కట్టింది. "అడ్వాన్స్ తిరిగిస్తారా?" నోటితో పైకే అనేసినా.

లోపల్నుంచి మా అమ్మ, "అడిగి చూడు, ఇస్తారు, రూపాయి కూడా పోనీకు" అనింది.

ఆ సాయంత్రం చెత్త కిందికి తెస్తే ఆ పిల్లోడు గేటు దగ్గర నిలబడే ఉండాడు. వాని తమ్ముడు ఖాట్మండులో కాలేజీ అంట. మూడు గంటల తర్వాత వైబర్‌లో దొరికినాడు, బాగుండాడు, హాస్టల్లోనే ఉండాడు, వాని క్లాసులో ఒక పిల్లోడికి మాత్రం కాలికి దెబ్బ. తమ్ముడి పేరు చెప్పినాడు. అప్పుడు నాకు గుర్తొచ్చి వాని పేరు అడిగినా. రెండేళ్లుగా పనిచేస్తాండాడు మా దగ్గర. చెప్పినాడు, సిగ్గుపడతా నవ్వినాడు, సిగ్గు వానికెందుకు వచ్చిందో మరి.

నిన్న కరెంటు బిల్లు ఇచ్చేదానికి పైకొచ్చినాడు. జూలైలో అమ్ముడుపోని కాయలు అన్న మూడు బస్తాలు పంపితే ఒక బస్తా వానికి ఇచ్చిన్నా, దాంతో వాళ్ల పద్ధతిలో ఆవనూనె పోసి ఊరగాయ పెట్టుకుని ఇప్పటికీ తింటాండాడంట. బిల్లు నా చేతికిచ్చి పోకుండా నిలబడినాడు. ఏం కావాల అన్నా.

"మేడం, అన్న అకౌంట్లో ఆ నాలుగు రూపాయలు పడినాయా?"

కిలోకి ప్రభుత్వం ఇస్తానన్న నాలుగు రూపాయలు. నాకు తెలీదు. ఇన్ని నెలల్లో ఒక్కసారీ అడగలేదు నేను. వాని ముందే అన్నకి ఫోన్ చేసినా, ఎత్తలేదు, చేలో ఉన్నట్టుండాడు.

"మళ్లీ చేయండి మేడం," అని అక్కడే నిలబడినాడు.